తిరిగి అడగని ముయ్యి

బుధవారం ఉదయం పదకొండున్నరకు, పెనుకొండలోని మేడగదిలో, నాలుగో విడత మాటలు పూర్తయ్యాక, ఆ ఆడమనిషి తన పేరు సిద్ధమ్మ కాదని చెప్పింది. వెంకటక్క అని చెప్పింది.

పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం. కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళు తెలుసుకోవలసింది కొంచెమే. నౌషీన్‌ది హిందూపురం. వయసు ముప్పై ఒకటి. ప్రాణం తీసుకోబోయి, బతికి, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళతో మాట్లాడటం ఆమె ఉద్యోగం. మనిషికి నాలుగు విడతలు. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పించుకుంటుంది. అలాంటి రోజు మళ్ళీ దగ్గరపడుతుంటే ముందుగా ఏ గుర్తులు కనిపిస్తాయో ఇద్దరూ కలిసి వెతుకుతారు. అప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరింటికి పోవాలో అనుకుంటారు. విడతకూ విడతకూ మధ్య ఆమే ఫోన్ చేసి పలకరిస్తుంది. మనిషి మళ్ళీ ఆ ప్రయత్నం చెయ్యకుండా ఈ మాటలు ఆపగలవా లేదా అన్నది ఇంకా తేలలేదు. తేల్చడానికే హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో అధ్యయనం నడుస్తోంది. పేరిచ్చినవాళ్ళకు కంప్యూటర్ చీటీ తీస్తుంది. సగం మందికి మాటలు పడతాయి. మిగతా సగానికి ఆసుపత్రి ఎప్పుడూ ఇచ్చే మందులు, డాక్టరు పరీక్ష, అవసరమైతే ఫోన్ చెయ్యమని ఒక నంబరు.

ఫిబ్రవరిలో ధర్మవరం వార్డులో పేరిచ్చిన సిద్ధమ్మకు మాటలు పడ్డాయి. మూడు నెలలుగా తన ఎదుట కూర్చుంటున్నది ఆమే అని నౌషీన్ అనుకుంది. ఆధార్ అడగకూడదని నియమం. అడిగితే పోలీసు కేసు అవుతుందని జనం రారు. నౌషీన్‌కు ఇచ్చే కాగితంలో పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఊరి పేరు ఉండదు.

నౌషీన్ పెన్నుకు మూత పెట్టింది. వెంకటక్క కొంగుతో మొహం తుడుచుకుని బాటిల్ ఎత్తి నీళ్ళు తాగింది. ఆమె ముఖంలో భయం లేదు. పని ముగించుకుని చేతులు కడుక్కున్న మనిషిలా ఉంది.

“సిద్ధమ్మ ఎవరు?” అని నౌషీన్ అడిగింది.

“వార్డులో నా పక్క మంచం.”

తర్వాతి పావుగంట వెంకటక్కే మాట్లాడింది. ఇద్దరినీ రెండు రోజుల తేడాలో ఆ వార్డుకు తెచ్చారు. వెంకటక్క భర్త ధర్మవరంలో మగ్గం నేస్తాడు. పొద్దునా సాయంత్రం క్యారియర్ తెచ్చి, స్టూలు మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్ళేవాడు. సిద్ధమ్మ దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమెది తాడిమర్రి వైపు పల్లె. భర్త పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. తమ్ముడు పక్క ఊళ్ళోనే ఉంటాడు గానీ మాటల్లేవు. క్యారియర్‌లో అన్నం ఇద్దరూ తినేవాళ్ళు. చేతికి సెలైన్ ఉన్నన్నాళ్ళు వెంకటక్కకు తల దువ్వి జడ వేసింది సిద్ధమ్మే.

అధ్యయనం వాళ్ళు వచ్చినప్పుడు ఇద్దరూ ఒప్పుకున్నారు. చీటీలో సిద్ధమ్మకు మాటలు పడ్డాయి, వెంకటక్కకు పడలేదు. ఆ సాయంత్రం సిద్ధమ్మ తన వంతు వెంకటక్కను తీసుకొమ్మంది. తనకు చెప్పుకునేందుకు ఏమీ లేదని, వెంకటక్క దగ్గర చాలా ఉందని అంది.

అది నిజం. వెంకటక్క కూతురు పవిత్ర తొమ్మిదేళ్ళ వయసులో జ్వరంతో పోయింది. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదన్నారు. ఏడాది పాటు ఎవరూ ఎత్తలేదు. మొదటి విడతలో వెంకటక్క ఆ పేరు పలకడానికి చాలాసేపు పట్టింది. పలికాక ఆపలేదు. నౌషీన్‌కు అది గుర్తుంది.

“నాకు చెప్పిందంతా…” అని నౌషీన్ ఆగింది.

“పేరొక్కటే ఆయమ్మది. ఏడ్చిందంతా నేనే, మేడమ్.”

కింద రోడ్డు మీద కార్ల ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టి పోయింది. వెంకటక్క కొంచెం నవ్వింది. ఇంట్లో పెనుకొండ బాబయ్య దర్గాకు పోతున్నానని చెప్పి వస్తోందట. ఇన్నిసార్లు పోయి కోరిక ఏమిటో చెప్పకపోతే దేవుడికైనా విసుగొస్తుందని అత్త ఎగతాళి చేస్తోందట. “‘నిన్ను జూసి జూసి బాబయ్యసామికి కూడా యాష్టకొచ్చింటాది’ అంటాది మా యత్త” అంది.

నౌషీన్ నవ్వలేదు. ఇప్పుడు ఎందుకు చెప్పారని అడిగింది. చెప్పకుండా వెళ్ళిపోతే ఎప్పటికీ తెలిసేది కాదు.

“ముయ్యి తీర్చల్ల గదా” అంది వెంకటక్క.

ఆమె పుట్టింది తనకల్లు దగ్గర. అక్కడ కలుపు తీతకూ కోతకూ ముయ్యికి పోతారు. ఈరోజు నేను నీ చేలో వంగితే రేపు నువ్వు నా చేలో వంగాలి. కూలి ఉండదు. ఎన్ని రోజులు తీసుకుంటే అన్ని రోజులు తిరిగి ఇవ్వాలి. సిద్ధమ్మ పేరు మీద వెంకటక్క నాలుగు విడతలు కూర్చుంది. పని అయిపోయింది. ఇక సిద్ధమ్మకు నాలుగు విడతలు బాకీ.

“నా పేరు మీద ఆయమ్మను కూచోబెట్టండి. యా దినం పిల్చకరావల్లనో చెప్పండి. నేనే తోడొస్తా.”

“మీ పేరు మీద వంతు లేదు, అక్కా. చీటీలో మీకు పడలేదు.”

వెంకటక్కకు అది తెలియని సంగతి కాదు. వార్డులో ఆమెకు చెప్పారు. కానీ ఇచ్చిన వంతు తిరిగి ఇవ్వడానికి లేకుండా పోతుందని ఆమె అనుకోలేదు.

“అట్లయితే ఆయమ్మకి ఎవురూ లేనట్లేనా?”

నౌషీన్ బల్ల వైపు చూసింది. బల్ల మీద కీప్యాడ్ ఫోన్ ఉంది. నీలం రంగు, మూల పగిలి దానికి ప్లాస్టర్ అంటించి ఉంది. వెంకటక్క వచ్చిన ప్రతిసారీ దాన్ని బల్ల మీదే పెట్టేది. నౌషీన్ చేసే ఫోన్లు ఆ నంబరుకే వెళ్ళేవి. ఆ నంబరు సిద్ధమ్మ పేరుకు ఎదురుగా రాసి ఉంది.

“ఈ ఫోన్ ఎవరిది?”

“ఆయమ్మదే. ఇండ్లకు పంపించే దినం ఇచ్చినాది. మీరు ఫోన్ చేస్తారు కదా, నీకాడే పెట్టుకో అన్యాది.”

“మూడు నెలలుగా ఆమె దగ్గర ఫోన్ లేదా?”

లేదని వెంకటక్క తల ఊపింది. రీఛార్జి అధ్యయనం వాళ్ళే వేయిస్తారు కాబట్టి ఆ ఫోన్ పని చేస్తూనే ఉంది. ఆమెకు వచ్చే ఫోన్లు ఏం చేశారని నౌషీన్ అడిగింది. ఎవరైనా చేస్తే ఏం చెప్పేవారని అడిగింది.

“ఎవురు చేస్తారు, మేడమ్? మూణ్ణెల్లలో ఈ ఫోన్ మోగిందంటే మీరే.”

నౌషీన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడి నుంచి కొండ, కొండ మీద కోట గోడ కనిపిస్తాయి. ఆమె వాటిని చూడలేదు. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ప్రతి మనిషినీ మొదటి విడతలో అడిగే ప్రశ్నే అది. మీ వస్తువులు ఏమైనా ఈమధ్య ఎవరికైనా ఇచ్చేశారా? ప్రాణం మీద ఆశ వదులుకున్నవాళ్ళు కొందరు ముందుగా తమ వస్తువులు వదులుకుంటారు. గడియారం, చీర, గొర్రె. శిక్షణలో మొదట నేర్పే గుర్తుల్లో అది ఒకటి. వెంకటక్కనూ అడిగింది. లేదని జవాబు వచ్చింది.

“మొదటి రోజు మిమ్మల్ని ఒకటి అడిగాను, గుర్తుందా? ఎవరికైనా ఏమైనా ఇచ్చేశారా అని.”

“ఇచ్చినానా అని అడిగితిరి” అంది వెంకటక్క. “తీసుకున్యానా అని అడగల్యా.”

తర్వాత తనంతట తనే ఒక మాట చెప్పింది. ముయ్యి ఎప్పుడు తీర్చమంటావని ఆమె సిద్ధమ్మను వార్డులోనే అడిగింది. నాకొద్దు అంది సిద్ధమ్మ. ముయ్యిలో అలా ఎవరూ అనరు. తిరిగి ఇవ్వనివాళ్ళతో జగడాలు అవుతాయి గానీ, తిరిగి వద్దన్నవాళ్ళను వెంకటక్క అప్పటిదాకా చూడలేదు. మంచి మనిషి, అందుకే అలా అంది అనుకుంది.

నౌషీన్ హిందూపురానికి, అధ్యయనం నడిపే డాక్టర్ నాగజ్యోతికి ఫోన్ చేసింది. నర్సు ఎత్తి, డాక్టరమ్మ వార్డులో ఉన్నారని, అరగంట పడుతుందని చెప్పింది. నౌషీన్ పెట్టేసింది. సిద్ధమ్మ ఇంటికి వెళ్ళి చూడగల మనిషి ఇంకొకరు ఉన్నారు. అతనికి ఫోన్ చెయ్యకూడదు.

అతని పేరు ఇర్షాద్. హిందూపురంలో దర్జీ కొడుకు. మూడో నెలలో, ఆరో నెలలో ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగి వచ్చేది అతనే. ఎవరికి మాటలు పడ్డాయో, ఎవరికి పడలేదో అతనికి తెలియకూడదు. తెలిస్తే, మాటలు పడ్డ మనిషి బాగున్నట్టు, పడని మనిషి బాగాలేనట్టు కనిపించవచ్చు. అందుకని నౌషీన్, ఇర్షాద్ ఏ మనిషి గురించీ మాట్లాడుకోకూడదు. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే ఆఫీసులో ఒకే బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. ఎండల గురించి, రైళ్ళ గురించి మాట్లాడుకుంటారు. రోజంతా ఏం విన్నదీ ఆమె అతనికి చెప్పదు. ఏం చూసిందీ అతను ఆమెకు చెప్పడు. ఇంటికి వెళ్ళాక ఇద్దరూ ఎవరికీ చెప్పరు.

ఈ నియమం ఒక్కసారి తప్పితే ఆ మనిషి లెక్క పాడవుతుంది. తప్పినవాళ్ళ ఉద్యోగం ఉండదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు.

నౌషీన్ అతనికి ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

“ఇర్షాద్, సిద్ధమ్మ అని, తాడిమర్రి వైపు…”

“ఆ పేరు నాకు చెప్పద్దు” అన్నాడు ఇర్షాద్. “నేను పెట్టేస్తాండా.”

“పెట్టద్దు. ఆమె నా దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. ఆమె పేరుతో వేరే మనిషి వచ్చింది.”

ఇర్షాద్ పెట్టలేదు. అతను ధర్మవరంలో ఉన్నాడు. వెనక ఎక్కడో మగ్గం ఆడుతున్న శబ్దం వినిపించింది. తర్వాత అతను చెప్పడం మొదలుపెట్టాడు.

సోమవారమే వెళ్ళి వచ్చాడు. ముందుగా ఫోన్ చెయ్యలేదు. మగ గొంతు ఫోన్ చేస్తే ఇళ్ళల్లో గొడవలవుతాయని ఎవరికీ చెయ్యడు. సిద్ధమ్మ ఇంటి ముందు చీపురుతో ఊడుస్తోంది. చాప వేసి కూర్చోబెట్టింది. అతను అందరికీ చెప్పే మాటే ముందుగా చెప్పాడు. మీకు ఏ చికిత్స జరిగిందో, ఎవరు మాట్లాడారో నాకు చెప్పవద్దు అని. ప్రశ్నలన్నిటికీ ఆమె లేదు అంది. నిద్ర పట్టకపోవడం లేదు. దిగులు లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన లేదు. ప్రశ్న పూర్తికాక ముందే లేదు అంటోంది. అన్నిటికీ లేదు అన్న మనిషిని బాగున్నవాళ్ళ వరుసలో రాయాలని ప్రశ్నల కాగితంలోనే ఉంటుంది. అతను అక్కడే రాశాడు.

“నడమ ఒకసారి, ‘నాయనా, నేను పెనుకొండకి…’ అన్యాది” అన్నాడు ఇర్షాద్. “నేను చెయ్యెత్తి ఆపినా. అది చెప్పద్దమ్మా అన్యా.”

“ఆమె ఏమంది?”

“‘సరే నాయనా, నువ్వు అడిగేదే చెప్తా’ అన్యాది.”

నౌషీన్ ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఏమీ లేదన్నాడు. వచ్చేటప్పుడు ఒక మూట ఇచ్చిందని, వద్దన్నా బైక్ వెనక కట్టిందని చెప్పాడు.

“మూటలో ఏముంది?”

“శెనక్కాయలు. ఇంట్లో వేయించుకోమన్యాది.”

వెంకటక్క కుర్చీలో ముందుకు జరిగింది. ఫోన్ వైపు వంగి, మూటలో ఆకులు ఉన్నాయా అని అడిగింది. అడుగుతున్నది ఎవరని ఇర్షాద్ అడగలేదు. ఉన్నాయన్నాడు. ఎండిన వేపాకు ఉందని, వాళ్ళమ్మ ఏరి పారేసిందని చెప్పాడు.

“యాపాకు ఏసి పెట్టేది ఇత్తనాలకే, అబ్బా” అంది వెంకటక్క.

మే నెల చివరి వారం అది. తాడిమర్రి, ధర్మవరం వైపు మెట్ట పల్లెల్లో ఇంటింటా వేరుశనగ విత్తనం మూటగట్టి ఉంటుంది. తొలి వాన పదునుకు చేలోకి పోతుంది. ఇల్లు గడవకపోతే వేరే ఏవైనా కదిలిస్తారు గానీ దాన్ని ఆ నెలలో కదిలించరు. ఇర్షాద్ హిందూపురంలో కుట్టుమిషన్ల మధ్య పెరిగాడు. కాయలంటే తినేవి. సగం మూట సోమవారం రాత్రి వాళ్ళింట్లో వేయించారు.

ఆ సంగతి చెబుతూ అతను సగంలోనే ఆగిపోయాడు. ఇప్పుడే పోతాండా అన్నాడు. బైక్ స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. ఫోన్ కట్ అయింది.

నౌషీన్, వెంకటక్క మెట్లు దిగి ఆటో ఎక్కారు. స్టేషన్ దారిలో డాక్టర్ నాగజ్యోతి ఫోన్ చేసింది. నౌషీన్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇర్షాద్‌కు ఫోన్ చేసిన సంగతి కూడా చెప్పింది. చీటీలో ఎవరికి ఏది పడితే వాళ్ళను ఆ వరుసలోనే లెక్కవేయాలి, అది మారదు, కాబట్టి ఈ రోజు ఏం జరిగినా సిద్ధమ్మ మాటలు దొరికినవాళ్ళ వరుసలోనే ఉంటుంది అని డాక్టరు చెప్పింది. నౌషీన్‌కు అది తెలుసు.

“లెక్క సంగతి, నువ్వు చేసిన పని సంగతి తర్వాత మాట్లాడుకుందాం” అంది డాక్టరు. “ముందు మనిషిని చూడండి. తాడిమర్రి ఆరోగ్య కేంద్రం వాళ్ళకు, ధర్మవరం ఆసుపత్రికి నేను చెప్తా.”

పెనుకొండ స్టేషన్లో ధర్మవరం వైపు ప్యాసింజర్ ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద ఎండ పరుచుకుంది. ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. వెంకటక్క నీలం ఫోన్‌ను ఒడిలో పెట్టుకుంది. నౌషీన్ ఇన్నాళ్ళూ ఆమెను సిద్ధక్కా అని పిలిచింది. ఇప్పుడు వెంకటక్కా అని పిలవబోయి ఏమీ పిలవలేదు.

“మేడమ్” అంది వెంకటక్క. “నేను ఈ వంతు తీసుకోకుండా ఉంటే, మీరు ఆయమ్మతోనే మాట్లాడేవాళ్ళు గదా?”

“ఆమెతో మాట్లాడేదాన్ని.”

“అప్పుడు నాతో ఎవురు మాట్లాడేవాళ్ళు?”

నౌషీన్ పట్టాల వైపు చూసింది.

ఒంటిగంట దాటాక ఇర్షాద్ ఫోన్ చేశాడు. సిద్ధమ్మ ఇంటి ముందు నిలబడి ఉన్నానన్నాడు. తలుపుకు తాళం లేదు. బయట గొళ్ళెం పెట్టి ఉంది. తీసి చూశాడు. లోపల ఎవరూ లేరు. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. సోమవారం దొడ్లో చూసిన రెండు గొర్రెలూ లేవు. పక్కింటి కుళ్ళాయమ్మతో మాట్లాడాడు. నిన్న సాయంత్రం సిద్ధమ్మ గొర్రెలను తోలుకొచ్చి ఆమె దొడ్లో కట్టింది. ఎందుకని అడిగితే, ఊరికి పోవాల్సి ఉందని, చూసుకోమని చెప్పింది. ఎప్పుడొస్తావని అడిగితే చెప్పలేదు. ఈ పొద్దున మొదటి ఆటోలో వెళ్ళింది. ఆటో ధర్మవరం పోతుంది. ఆమె ఎక్కడ దిగిందో ఇంకా తెలియదు. చేతిలో సంచి లేదు.

ఆటో అతని పేరు కనుక్కోమని నౌషీన్ చెప్పింది. కనుక్కుంటున్నానని ఇర్షాద్ చెబుతున్నాడు.

వెంకటక్క ఒడిలో నీలం ఫోన్ మోగింది.

తెర మీద అంకెలు ఉన్నాయి, పేరు లేదు. వెంకటక్క ఫోన్ వైపు చూసి, నౌషీన్ వైపు చూసింది. నౌషీన్ ఫోన్ నౌషీన్ చెవి దగ్గరే ఉంది. అవతల ఇర్షాద్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.